నాలుగు గళ్ళలో పట్టని పేరు

కినుయో చేతికి మెడ అప్పగిస్తే కునుకు పట్టేస్తుందని మా షియోదా రేవులో అందరూ అంటారు. నాకూ పట్టేది. పెళ్ళికో పండక్కో ముందు ఆడవాళ్ళం వెళ్ళి మెడ వెనక నూగు గీయించుకునేవాళ్ళం. కత్తి తగిలినట్టే ఉండదు. చల్లని వేలు ఏదో అటూ ఇటూ తిరిగినట్టుంటుంది, అంతే. చివర వేడినీళ్ళలో పిండిన తువ్వాలు మెడ మీద వేసి, రెండు చేతులతో కాసేపు అదిమి పట్టుకునేది. ఆ వేడి సరిగ్గా ఉందో లేదో ముందు తన మణికట్టు మీద చూసుకునేది.

ఆ కటింగు కొట్టు వాళ్ళ నాన్నది. చేపల సంత వెనక సందులో మా టోఫు కొట్టుకీ దానికీ మధ్య ఒకటే గోడ. పొద్దున్నే నేను బుద్ధుడి ముందు దీపం పెట్టుకుని ప్రార్థన చదువుకుంటుంటే అవతల తను తువ్వాళ్ళు ఉడకేస్తున్న చప్పుడు వినిపించేది. వాన మొదలైతే సందులో ఎవరి బట్టలు ఆరుతున్నా తనే లోపల పెట్టేది. తరవాత ఎవరివి వాళ్ళకి మడతపెట్టి ఇచ్చేది. మా ఆయన చొక్కాకి ఊడిన గుండీ కూడా కుట్టి ఇచ్చిన రోజులున్నాయి. అడిగితే "సూది చేతిలోనే ఉంది పిన్నీ" అనేది. సోమవారం కొట్టు సెలవు. ఆ రోజు సంచీ భుజాన వేసుకుని, మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి జుట్టు కత్తిరించి వచ్చేది.

అన్నదమ్ములు లేరు కనక ఆమెకి ఇల్లరికం తెచ్చారు. కొండల అవతలి ఊరు. పేరు నోబుజి. సన్నగా, కళ్ళజోడుతో, పక్కవాడికి కూడా వినపడనంత నెమ్మదిగా మాట్లాడే మనిషి. మా ఆచారం ప్రకారం వచ్చిన రోజునే తన ఇంటిపేరు వదిలేసి, మామగారి ఇంటిపేరు కుమె రాసుకున్నాడు. రెండో కుర్చీ దగ్గర నిలబడి కత్తెర పట్టాడు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ నోరెత్తి అనగా నేను వినలేదు.

మంచు కురిసే నెలల్లో పడవలు కదలవు, కొట్టుకి బేరాలు తక్కువ. అలాంటి ఒక చలికాలంలో నోబుజి టీవీకి తగిలించే ఆటపెట్టె తెచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్టు, 'ఏడు గంటల రాజ్యం' అని. రాజ్యంలో ఏడు గుళ్ళ గంటలు మూగబోతాయి. వీరుడు ఊరూరా తిరిగి ఒక్కొక్కటే మోగించాలి. ఆఖరిది భూతరాజు కోటలో ఉంటుంది. నలభై దాటినవాడికి ఇదేం వేడుకని జుట్టుకి వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆట మొదలుపెట్టాలంటే ముందు వీరుడికి పేరు పెట్టాలి. పెట్టకపోతే ఆ తెర అక్కడే ఆగిపోతుంది, మీట ఎంతసేపు నొక్కినా గుర్రుమంటుంది తప్ప కదలదు. ఆ సాయంత్రం గోడ అవతల నించి వచ్చిన మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

"ఏమోయ్, ఓసారి ఇలా రా. ఈ పెట్టె నా పేరు మింగేస్తోంది."

"చేతులు తడిగా ఉన్నాయండీ. ఏమైంది?"

అయిందేమిటంటే, పేరుకి ఆ పెట్టె ఇచ్చినవి నాలుగే గళ్ళు. నోబుజి అంటే మా రాతలో మూడే అక్షరాలు. కానీ మా అక్షరాల్లో 'ఫు' భుజాన రెండు చుక్కలు పెడితే 'బు' అవుతుంది, 'షి' భుజాన రెండు చుక్కలు పెడితే 'జి' అవుతుంది. కాగితం మీద ఆ చుక్కలకి వేరే చోటు అక్కర్లేదు. ఆ పెట్టె మాత్రం చుక్కల్ని కూడా ఒక అక్షరం కింద లెక్కేసి వాటికో గడి తీసుకుంది. నో, ఫు, చుక్కలు, షి. గళ్ళు నిండిపోయాయి. చివరి చుక్కలకి చోటు లేదు.

"నోబుషి అయి కూర్చున్నాను" అన్నాడాయన.

పూర్వం కొండదారుల్లో పొంచి కూర్చుని బాటసారుల్ని దోచుకునే కత్తివాళ్ళని నోబుషి అనేవాళ్ళు. కినుయో పడీ పడీ నవ్వింది. "మీరా! దారి కాసేవాడా! మొన్న బొద్దింకని కాగితంలో చుట్టి, జలుబు చేస్తుందేమో దానికి అని కట్టెల కొట్టంలో వదిలిన మనిషా!"

"నవ్వకోయ్. ఇంటిపేరేమో మీ నాన్నకిచ్చేశాను. మిగిలిన పేరులో చుక్కలు ఇది లాక్కుంది. ఇంక నాకు దోపిడీ తప్ప వేరే దారేదీ?"

ఆ రోజు నించి లోపలి గదిలోంచి "దొంగకి టీ ఏదీ?" అని కేక వినపడేది. ఆ సాయంత్రం తరవాత, నెమ్మదిగా మాట్లాడే ఆ మనిషి గోడ దాటి వినపడేలా అన్న మాట అదొక్కటే.

మంచు కరిగేలోపే ఆయనకి కడుపులో జబ్బని తేలింది. పోయినవాళ్ళు ఇంటికొచ్చి వెళ్తారనే ఎండాకాలపు బోన్ పండక్కి ముందే పోయాడు. సందులో వాళ్ళమంతా తలో పనీ పంచుకున్నాం. ఆయన చేత జుట్టు కత్తిరింపించుకున్నవాళ్ళే మోశారు. మా గుడి గురువుగారు పోయినవాళ్ళకి పెట్టే కొత్త పేరు, ధర్మనామం, మంచి అక్షరాలతో రాసిచ్చారు. బుద్ధుడి బిడ్డ అని అర్థం వచ్చే అక్షరంతో మొదలైంది. నాకైతే ఆ పేరు చూసినప్పుడల్లా చేతులు వాటంతటవే జోడవుతాయి. కినుయో కూడా పొద్దునా సాయంత్రం అన్నం పెట్టి దణ్ణం పెట్టుకునేది. "మంచి పేరే పిన్నీ. పిలవబోతే మాత్రం నాలిక తిరగట్లేదు" అందొకసారి. సమాధి రాయి మీదేమో కుమె అని మామగారి ఇంటిపేరు. అమ్మానాన్నా పెట్టిన పేరుతో ఆయన్ని పిలవడానికి ఎక్కడా చోటు లేకపోయింది.

దినాలన్నీ అయ్యాక, టీవీ కింద దుమ్ము తుడుస్తూ ఆ ఆటపెట్టె మీట నొక్కింది. ఆయన ఆపిన చోటే వీరుడు నిలబడి ఉన్నాడు. ఒక సత్రం ముందు. నాలుగు చుక్కలు పోగేసినంత మనిషి, నిలబడ్డచోటే కాళ్ళాడిస్తూ, ఎవరైనా వస్తారా అన్నట్టు. పక్కన పేరు: నోబుషి.

అప్పట్నించీ కొట్టు మూసి, తువ్వాళ్ళు పిండి ఆరేసి, కాసేపు ఆడేది. ఆట రాదు. తప్పులు చేసి చేసి నేర్చుకుంది. ఆరు గంటలూ మోగించింది. ఏడోది మోగిస్తే కథ అయిపోతుంది, అందుకని కోట దాకా వెళ్ళేది కాదు. దాటివచ్చిన ఊళ్ళలోనే ఆయన్ని తిప్పి, ప్రతిసారీ సత్రంలో పడుకోబెట్టి, తెరతో ఒక మాట అని కట్టేసేది. "ఇవాళ చాలా నడిచారు. పడుకోండి."

చిగుసా గురించి కూడా చెప్పాలి. బస్టాండు దగ్గర పుస్తకాల షాపులో పనిచేసేది. కినుయో కన్నా చాలా చిన్నది, పెళ్ళి చేసుకోలేదు. కొట్లో కూర్చున్నవాళ్ళు చదువుకోడానికి నెలనెలా పత్రికలు తెచ్చి పడేసేది తనే. ఒకసారి లోపలి గదిలోంచి ఆటలోని పాట విని చెప్పులు విప్పీ విప్పకుండానే దూసుకొచ్చింది.

"అక్కా! నువ్వు ఏడు గంటలు ఆడతావా?"

"ఆడతానని ఎవరికీ చెప్పకు. నవ్వుతారు."

"ఎవరు నవ్వేది? ఆగు, నీకొకటి తెస్తాను."

తెచ్చింది లావుపాటి బొమ్మల పుస్తకం, 'ఏడు గంటల నవ్వులు'. ఆ ఆట మీదే రకరకాల చిత్రకారులు వేసిన కథలన్నీ ఒక్కచోట కట్టింది. చివరి పేజీలు పాఠకులవి. ఎక్కడెక్కడివాళ్ళో వేసి పంపిన జోకులు, ఒక్కోటి నాలుగు గళ్ళలో, పైనించి కిందకి.

కినుయో అది చదువుతుంటే చూడాలి. వయసు సగం తగ్గిపోయేది. ఆటలో చేదు మూలికలు అమ్మే కొట్టువాడు ఉంటాడట. ఎంత అడిగినా ఒకే మాట అంటాడు. పుస్తకంలో వాడు ఇంటికి వెళ్ళి పెళ్ళాంతో కూడా అదే మాట అంటాడు. తను పడ్డ గోతిలో ముక్కూమొహం తెలియని వాళ్ళు ఎందరో పడ్డారని, తను దారి తప్పిన అడవిలోనే వాళ్ళూ ఏడ్చారని పేజీ పేజీకీ తెలిసేది. "నేనొక్కదాన్నే కాదు పిన్నీ" అనేది. కొత్త సంపుటం ఎప్పుడొస్తుందా అని, శనగలు తింటూ ఆఖరి గింజ దాచుకునే పిల్లలా ఒక పేజీ మిగుల్చుకునేది.

చిగుసా కూడా బొమ్మలు వేసేది. ఎన్నేళ్ళుగానో ఆ పాఠకుల పేజీలకి పంపేది. ఒక్కటీ అచ్చు కాలేదు. కాని ప్రతిసారీ కినుయో దగ్గరికే వచ్చి కూర్చునేది. కినుయో పెరట్లో ఎండేసిన పండు కోసి పెట్టి, "నీ గీత బాగుంటుందే. వాళ్ళ కళ్ళకి పొర కమ్మింది" అనేది. మెడ గీసి, జుట్టు సరిచేసి పంపేది.

అలాంటి ఒక సాయంత్రం చిగుసా అడిగింది, వీరుడికి నోబుషి అని ఎందుకు పెట్టావు అని. కినుయో చెప్పింది. చుక్కల సంగతి, దొంగకి టీ సంగతి, ఏడో గంట ఎందుకు మోగించదో, పడుకోబెట్టేటప్పుడు ఏమంటుందో, అన్నీ. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. గోడ అవతలిదాన్ని కాబట్టి నాకు సగం తెలుసు, మిగతా సగం తరవాత తెలిసింది. ఆ రోజు చిగుసా కళ్ళు తుడుచుకుంటూ సందులోంచి వెళ్ళడం నేను చూశాను. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ఆ చలికాలం కొత్త సంపుటం రావలసిన నెలలో చిగుసా పత్రికలన్నీ తెచ్చింది, అది తప్ప.

"ఈసారి అది రాలేదక్కా. దారి మీద మంచు కదా, కట్ట ఎక్కడో ఆగిపోయింది."

"పాపం, మోసేవాళ్ళకి ఎంత అవస్థో. వస్తే దాచిపెట్టు."

"ఆఁ, దాస్తాను" అంది చిగుసా, తన బూట్ల కేసి చూసుకుంటూ.

ఏడాది చివరి రోజులొచ్చాయి. కొత్త సంవత్సరంలోకి మాసిన తలతో ఎవరూ అడుగు పెట్టరు కనక కొట్టు కిటకిటలాడుతోంది. కుర్చీలో హాచిరో తాత, గడ్డం నిండా నురగ. బల్ల మీద పడవలవాడు తత్సుమి. నేను మెడ గీయించుకోడానికి, పనిలో పనిగా వేయించిన టోఫు గిన్నె ఇవ్వడానికి వచ్చి వరసలో కూర్చున్నాను. తత్సుమి పట్నం వెళ్ళొస్తూ రైలు స్టేషన్లో కొన్న పుస్తకం ఒకటి చదువుతూ కిసుక్కుమన్నాడు. అట్ట మీద ఏడు గంటలు.

"ఏంట్రా, నువ్వొక్కడివే?" అన్నాడు తాత కళ్ళు మూసుకునే.

"విను తాతా, చదువుతాను. ఒకావిడ. మొగుడు పోయాడు. ఆటలో వీరుడికి మొగుడి పేరు పెట్టింది. పేరు చూడు, నోబుషి! మొహం ఎలా వేశారో చూడు, కనుబొమలు గొంగళిపురుగుల్లా! ఇక్కడ రెండో గడిలో భూతరాజు. వాడు టీ కాచి, ఆసనం పరిచి, నోబుషి వచ్చేస్తున్నాడు, అందరూ సిద్ధం కండి అంటున్నాడు."

"ఊఁ."

"మూడో గడిలో ఈవిడ వాణ్ణి సత్రంలో పడుకోబెడుతోంది. 'ఇవాళ చాలా నడిచారు. పడుకోండి' అంటోంది."

నేను కినుయో వైపు చూశాను. కత్తి తాత చెంప మీద లేదు. ఎప్పుడు ఎత్తిందో, గాలిలో ఉంది.

"ఆఖరి గడి విను తాతా! భూతరాజుకి తెల్లగడ్డం నేల దాకా పెరిగింది. టీకి బూజు పట్టింది. కర్ర పట్టుకుని వీధిలోకి చూస్తూ, 'నోబుషి గారూ, ఇవాళ కూడా నిద్రేనాండీ?' అంటున్నాడు!"

కొట్టంతా గొల్లుమంది. తాత నవ్విన నవ్వుకి నురగ మెడ కిందకి కారింది. "పాపంరా భూతరాజు! మా ముసల్ది కూడా నన్నిలాగే పడుకోబెట్టి ఎటూ కదలనివ్వదు."

"కదలకు తాతా. గడ్డం ఇంకా సగం ఉంది" అంది కినుయో. గొంతు ఎప్పట్లాగే ఉంది. మిగతా సగం గీసింది. ఒక్క గాటు పడలేదు. తుడిచి, కుర్చీ దించి, చెయ్యిచ్చి తాతని లేపింది. అప్పుడు అడిగింది. "తత్సుమీ, ఆ పుస్తకం ఓసారి ఇస్తావా? చదివిచ్చేస్తాను."

"ఉంచేసుకో అక్కా. నాది అయిపోయింది. నవ్వుకో, మంచిది."

నా వంతు వచ్చింది. చెయ్యి ఎప్పటి చెయ్యే. ఆఖర్న మెడ మీద వేసిన తువ్వాలు మాత్రం మంచులా చల్లగా ఉంది. వేడినీళ్ళలో ముంచడం మరిచిపోయింది.

కొట్టు మూశాక నన్ను ఉండమంది. ఇద్దరం లోపలి గదిలో కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని కూర్చున్నాం. తిన్నగా ఆ పేజీకి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. మొదటి పేజీ నించి ఎప్పట్లాగే వరసగా చదివింది. నవ్వే చోట్లు వచ్చాయి, పోయాయి. చేదు మూలికల కొట్టువాడు మళ్ళీ వచ్చాడు. అక్కడ ఆగింది.

"వీడు కూడా ఎవరింట్లోనో ఉన్నాడేమో పిన్నీ. ఒకే మాట తప్ప ఇంకోటి మాట్లాడలేని తాత ఎవరికో ఉండి ఉంటాడు. నేనెంత నవ్వానో!"

చివరికి ఆ పేజీ వచ్చింది. కింద జిల్లా పేరు, పక్కన 'ఎండుచేప' అనే కలంపేరు. అది ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాట ఆ గదిలో అన్నది ఒకరు, విన్నది ఒకరు.

కినుయో బొటనవేలు తీసి నోబుషి మొహం మీద పెట్టి మూసింది. "ఈయన ఇలా ఉండడు."

"బొమ్మే కదమ్మా. నవ్వించడానికి వేస్తారు."

"బాగానే వేసింది. నిజంగా నవ్వొస్తుంది. అదే పిన్నీ..." ఆగి, లేచి ఆటపెట్టె మీట నొక్కింది. సత్రం ముందు ఆ చుక్కల మనిషి కాళ్ళాడిస్తూ నిలబడ్డాడు. "వీడికి మొహం లేదు, చూడు. ఉత్త చుక్కలు. అందుకే ఇన్నాళ్ళూ ఆయన మొహం పెట్టుకుని చూసుకున్నాను. కళ్ళజోడుతో సహా కనిపించేవారు." తెరకి దగ్గరగా వంగింది. "ఇప్పుడు చూడు. కనుబొమలు వచ్చేశాయి."

నేను చూశాను. నిజంగానే, ఆ చుక్కల్లో నాక్కూడా గొంగళిపురుగులే కనిపించాయి. అమిదా బుద్ధుణ్ణి తలుచుకున్నాను.

కొత్త సంవత్సరం పండగ రోజులు పోయాక చిగుసా పత్రికలతో వచ్చింది. నేను టోఫు ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఉన్నాను. బల్ల మీద తత్సుమి ఇచ్చిన పుస్తకం పెట్టి ఉంది. చిగుసా దాన్ని చూసింది. చేతిలో కట్ట దించలేదు.

"చదివావా అక్కా?"

"మంచులో ఆగిపోయిందన్నావుగా."

"చెబుదామనే అనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ... అక్కా, ఎన్నేళ్ళు పంపాను! ఒక్కటీ వెయ్యలేదు. ఇది ఒక్కసారి పంపితే వేసేశారు. ఇంకా ఉంటే పంపమని ఫోను కూడా చేశారు."

"వేస్తారు. బాగుంది కదా."

"ఎగతాళి చేద్దామని కాదక్కా, ఒట్టు. నువ్వు చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. అంత ముద్దుగా ఉన్న సంగతి నలుగురూ..."

"నలుగురి కోసం చెప్పలేదే నేను. నీకు చెప్పాను."

చిగుసా కట్ట కింద పెట్టింది. "ఊరి పేరు రాయలేదు. నీ పేరెక్కడా రాయలేదు. కటింగు కొట్టని కూడా వెయ్యలేదు. ఎవరికి తెలుస్తుందక్కా?"

"ఆయన పేరు రాశావు."

"ఆయన పేరు నోబుజి కదా. అది నేను రాయలేదుగా! నోబుషి అని ఆ పెట్టె పెట్టింది."

కినుయో తువ్వాలు మడత పెడుతోంది. మడత తప్పింది, మళ్ళీ విప్పి పెట్టింది.

"ఇంటిపేరు మా నాన్నది. గుళ్ళో పేరు గురువుగారిది. నోబుజి అని ఇంక ఎవరూ పిలవరు, పిలిచేవాళ్ళంతా పోయారు. నాకు మిగిలింది ఆ వెకిలి పేరొక్కటే చిగుసా. ఇద్దరం నవ్వుకున్న పేరు. ఇప్పుడు తత్సుమి కూడా దానికి నవ్వాడు. వాడి తప్పు లేదు."

"నన్నేం చెయ్యమంటావో చెప్పు. వాళ్ళకి ఫోన్ చేసి తీసెయ్యమని..."

"దేశమంతా చదివేశాక ఏం తీస్తారే? చలిలో వచ్చావు, టీ తాగి వెళ్ళు."

టీ ఇచ్చింది. చిగుసా తాగింది. నేను వెళ్ళిన చావు ఇళ్ళల్లో కూడా అంత నిశ్శబ్దంగా ఎవరూ టీ తాగలేదు. వెళ్ళేటప్పుడు చిగుసా గొడుగు మరిచిపోతే కినుయోయే వెనకాల వెళ్ళి ఇచ్చి వచ్చింది.

మరుసటి సోమవారం ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళొచ్చి, మధ్యాహ్నమే ఆటపెట్టె ముందు కూర్చుంది. నేను వెళ్ళేసరికి నోబుషి కోట మెట్లెక్కుతున్నాడు.

"ఏమిటమ్మా, ఇవాళ ఇటు?"

"పాపం, టీ కాచుకుని ఎదురుచూస్తున్నాడట కదా. పంపించేస్తున్నాను."

చాలాసేపు పట్టింది. రెండుసార్లు పడిపోయి లేచాడు. భూతరాజు కూలాడు. ఏడో గంట మోగింది. పాట వస్తుంటే తెర మీద ఒక వాక్యం వచ్చింది. గంటలు మోగించిన ఆ మనిషి అటుపైన ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు అని. కినుయో మొదటిసారి కళ్ళు తుడుచుకుంది. "అంతే. ఎవరికీ తెలియకపోవడమే మంచిది" అని ఆ కథని పెట్టెలోంచి చెరిపేసింది.

కొన్నాళ్ళకి గోడ అవతల మళ్ళీ ఆ పాట వినిపించింది, మొదటి ఊరి పాట. నేను గిన్నె పట్టుకుని వెళ్ళాను. టీవీ ఇదివరకు గుమ్మానికి ఎదురుగా ఉండేది. ఇప్పుడు దాని వీపు మాత్రమే కనిపించింది. నేను అటు వెళ్ళలేదు, తనూ రమ్మనలేదు. గిన్నె అందుకుని, ఖాళీ చేసి కడిగి, ఎప్పట్లాగే అందులో రెండు కమలాపళ్ళు వేసి ఇచ్చింది.

ఈ సంగతులు రాస్తానని నేను అడిగినప్పుడు కూడా కాదనలేదు. "రాసుకో పిన్నీ. ఆ పేరు పాతదైపోయిందిగా" అంది.

మంచు కరిగే వేళకి చిగుసాకి టోక్యో నించి పిలుపు వచ్చింది, పుస్తకం వాళ్ళే రమ్మన్నారు. వెళ్ళే ముందురోజు కొట్టుకి వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు.

"మెడ గీస్తావా అక్కా? పెద్దవాళ్ళ ముందుకి వెళ్ళాలి."

"కూర్చో మరి. గుమ్మంలో నిలబడితే చలి లోపలికొస్తుంది."

జుట్టు పైకి కట్టి, మెడ వంచి కూర్చుంది చిగుసా. నురగ రాసి కినుయో గీయడం మొదలుపెట్టింది. లోపలి గదిలో ఆట ఆపకుండా వచ్చినట్టుంది, చిన్నగా పాట వినిపిస్తోంది. చిగుసా విన్నది. నేనూ విన్నాను.

"మళ్ళీ మొదలుపెట్టావా అక్కా?"

"ఊఁ. మొదటి ఊరే ఇంకా."

కత్తి చెవి వెనక నించి కిందకి దిగింది.

"ఈసారి ఏం పేరు పెట్టావు?"

కత్తి ఆగలేదు. "పేరేం పెట్టలేదే. ఖాళీగా వదిలేశాను" అంది కినుయో.

అద్దంలో చిగుసా కళ్ళు పైకి లేచాయి. పేరు పెట్టకపోతే ఆ తెర కదలదని, మొదటి ఊరి పాట రాదని ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసన్న సంగతి కినుయోకీ తెలుసు. పాట వినిపిస్తూనే ఉంది.

"అలాగా అక్కా" అంది చిగుసా, తల మళ్ళీ వంచి.

కినుయో వేడినీళ్ళలోంచి తువ్వాలు తీసి పిండింది. వేడి ఎక్కువేమోనని తన మణికట్టు మీద పెట్టి చూసుకుంది. తరవాత చిగుసా మెడ మీద వేసి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది.